గొడుగు అనే మాట

ముందే చెప్పేస్తాను: నేను బతికే ఉన్నాను, మాట్లాడతానే ఉన్నాను. అది తెలియకుండా చదివితే మీకు గుండెదడ. నాకు పట్టిన దడ చాలు, ఇంకొకళ్ళకి ఎందుకు. తలకి ఆపరేషన్ అయి ఆరు నెలలైంది. అడిగినవాళ్ళకల్లా మొదటినుంచీ చెప్పి చెప్పి విసుగొచ్చింది, అందుకే ఒక్కసారి రాసి పెడతా ఉన్నాను. ఇంకో సంగతి కూడా ఉంది. ఆసుపత్రి కౌంటరు దగ్గర నేను చెప్పిన రెండు చిన్న అబద్ధాలు నా కొంప ముంచబోయాయి. మద్రాసులో మూడు తరాలుగా ఉండే మాలాంటి తెలుగువాళ్ళు ఆలోచించకుండా చెప్పేసే అబద్ధాలే అవి. ఎవరన్నా ఒకరు ఇది చదివి, కౌంటరు ముందు ఒక్క నిమిషం ఆగి నోరు తెరిస్తే నాకు అంతే చాలు.

నా పేరు వసంత. నలభై ఏడేళ్ళు. కోడంబాక్కం రైల్వే స్టేషన్‌కి దగ్గర్లో ఒక సందులో కాపురం. మా ఆయన సినిమావాళ్ళకి బట్టలు కుట్టే టైలరు. మా దివ్య కాలేజీలో రెండో సంవత్సరం. నాది డబ్బింగ్ పని. అరవ సీరియళ్ళు, సినిమాలు తెలుగులోకి మార్చేటప్పుడు అత్తలకి, పక్కింటి ఆంటీలకి, కూరగాయలమ్మేవాళ్ళకి గొంతిస్తాను. హీరోయిన్‌కి నన్నెవరూ పిలవలేదు. పిలిచినా అంత సన్నగా ఏడవడం నా వల్ల కాదు. ఇంట్లో నా తెలుగు "ఈడ రా, ఆడ కూచో". మైకు ముందు "ఇక్కడికి రా, అక్కడ కూర్చో". డబ్బింగ్ నడిపించే మూర్తిగారు ఇరవై ఏళ్ళుగా అద్దం అవతల నుంచి, "అమ్మా వసంతా, అరవం వినిపిస్తోంది, ఇంకొక్కటి చెబుదాం" అంటానే ఉన్నారు. నేను చెప్తానే ఉన్నాను.

మొదటిసారి అయింది పోయిన ఏడాది జూన్‌లో, మైకు ముందే. తెర మీద అత్త కోడల్ని తిడతా ఉంది. చెవులకి హెడ్‌ఫోన్, ఎదురుగా డైలాగు కాగితం. ఉన్నట్టుండి కడుపులోనుంచి ఏదో పైకి లేచి గొంతు దాకా వచ్చి నిలబడింది. దాంతోపాటే గుడ్డ మాడిన వాసన. మా ఆయన ఇస్త్రీపెట్టె దగ్గర వచ్చే వాసన అది, స్టూడియోలో ఎక్కడిది? తెర మీద అత్త నోరు ఆడతానే ఉంది. కాగితం మీద అక్షరాలు కనిపిస్తా ఉన్నాయి. నా నోరు తెరుచుకునే ఉంది, మాట మాత్రం రాలేదు. అర నిమిషం, అంతే. తర్వాత అంతా మామూలే. మూర్తిగారు "ఏమ్మా, టీ తాగొస్తావా?" అన్నారు. తాగొచ్చి అదే డైలాగు ఒక్క టేకులో చెప్పేశాను.

పైత్యం అనుకున్నాను. జీలకర్ర నీళ్ళు తాగాను. వారానికి మళ్ళీ వచ్చింది, ఆ తర్వాత వారానికి రెండుసార్లు. ఎవరికీ చెప్పలేదు. గొంతు మీద బతికేవాళ్ళకి ఒక భయం ఉంటుంది. 'వసంతకి మధ్యలో మాట ఆగిపోతా ఉందంట' అని ఒక్కరు అన్నారంటే సాయంత్రానికి కోడంబాక్కం అంతా పాకిపోతుంది, మర్నాటినుంచి ఫోన్ మోగదు. మా ఆయనకీ చెప్పలేదు. ఆయన మిషన్ మీద దారం తెగితేనే కంగారు పడే మనిషి. రెండు నెలలు అట్ట దాచిపెట్టాను. తల్చుకుంటే ఇప్పుడు నా మీద నాకే కోపం.

ఆగస్టులో ఆటోలో పోతా ఉంటే పెద్దది వచ్చింది. మాడిన వాసన వరకే నాకు గుర్తు. మిగతాది ఆటో నడిపే అన్న చెప్పాడు. నేను కొయ్యలాగా బిగుసుకుపోయి కాళ్ళూ చేతులూ కొట్టుకుంటా ఉంటే ఆయన ఆటో పక్కకి ఆపాడు. చుట్టూ చేరినవాళ్ళు "చేతిలో ఇనుము పెట్టు" అని ఒకటే గోల. కంగారులో ఆయన ఆటో తాళంచెవి పీకి నా గుప్పిట్లో పెట్టాడు. గుప్పిలి బిగుసుకుపోయింది, ఎంత లాగినా తెరుచుకోలేదు. చెవి లేకుండా ఆటో కదలదు. చివరికి ఇంకో ఆటోని ఆపి, నన్ను అందులోకి ఎక్కించి, ఆసుపత్రికి తెచ్చి, నా చెయ్యి వదులయ్యేదాకా బెంచీ మీద కూర్చున్నాడు. నేను కళ్ళు తెరిచేటప్పటికి, "అక్కా, ఆ చెవి ఇచ్చేస్తే నేను బయల్దేరతా" అంటా ఉన్నాడు, పాపం. ఆయన పేరు కూడా అడగలేదు నేను. ఇనుముకీ ఫిట్స్‌కీ ఏ సంబంధం లేదని తర్వాత డాక్టరమ్మ చెప్పింది. మనిషిని పక్కకి తిప్పి పడుకోబెట్టి, నోట్లో ఏమీ కుక్కకుండా, తెలివొచ్చేదాకా దగ్గర ఉండాలంట. ఆ అన్న దగ్గరే ఉన్నాడు.

మా ఆయన మెడలో కొలత టేపుతోనే పరుగెత్తుకొచ్చాడు. దివ్య కాలేజీనుంచి వచ్చి, "ఎన్నాళ్ళనుంచి?" అని అడిగింది. జూన్ నుంచి అన్నాను. అది నాతో రెండు రోజులు మాట్లాడలేదు. ఆ పిల్ల మాట్లాడితే అరవంలోనే మాట్లాడుతుంది, అది వేరే సంగతి. నేను తెలుగులో అంటే అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం అరవంలో. చిన్నప్పుడు పోట్లాడాను, తర్వాత వదిలేశాను. ఇంట్లో మా ఇద్దరి మాటలు వినేవాళ్ళకి నవ్వొచ్చేది.

మాత్రలు మొదలుపెట్టారు. ఒక రకం పనిచెయ్యలేదు, రెండో రకం వేసుకుంటే నిలబడే నిద్రపోయేదాన్ని. ఫిట్స్ మాత్రం వచ్చేది వస్తానే ఉంది. గ్యాస్ పొయ్యి దగ్గరికి నన్ను పోనివ్వరు. బాత్రూం తలుపు గడియ పెట్టనివ్వరు. ఎవరన్నా ఒకరు ఎప్పుడూ నా మొహంలోకి చూస్తానే ఉంటారు. నేను ఒక్క క్షణం మాట వెతుక్కున్నా దివ్య గబుక్కున లేచి నిలబడేది. భయం నాకొక్కదానికే కాదు, ఇంటికంతా పట్టింది. స్టూడియోకి గొంతు బాగాలేదని చెప్పాను.

సెప్టెంబరులో పెద్దాసుపత్రికి పోయినాం. అక్కడే ఆ కౌంటరు. కంప్యూటర్ ముందు అమ్మాయి తలెత్తకుండా అరవంలో అడగతా పోయింది. మాతృభాష? "తమిళ్" అన్నాను. పని? "ఇంట్లోనే" అన్నాను. ఆలోచించి చెప్పిన మాటలు కావు. మా నాయన నాకు బళ్ళో చేరేటప్పుడే నేర్పించాడు: "ఎవరడిగినా అరవమనే చెప్పమ్మా. తెలుగంటే ఏ ఊరు, ఎప్పుడొచ్చారు అని సవాలక్ష ప్రశ్నలు." ఆయన కూడా అట్టే చెప్పేవాడు, దివ్యని బళ్ళో వేసేటప్పుడు మేమూ అట్టే రాశాం. ఇంక సినిమా పని అంటే ఎవరికి గొంతిచ్చారు, ఎవరు ఎట్ట ఉంటారు అని మొదలెడతారు. అందుకే ఇంట్లోనే. మా ఆయన పక్కనే నిలబడి తలూపాడు. ఆయనకీ అందులో తప్పేం కనిపించలేదు.

డాక్టరమ్మ నిదానస్తురాలు. తల మీద జిగురుతో తీగలు అంటించి తీసిన పరీక్ష కాగితాలు ముందు పెట్టుకుని, మా ముగ్గురికీ అరవంలో విడమరిచి చెప్పింది. మెదడులో ఒక్కో చోటికి ఒక్కో పని, ఒకటి చూస్తుంది, ఒకటి వింటుంది, ఒకటి మాట వెతుకుతుంది. అవి ఒకదానికొకటి కబురు పంపుకునేది సన్నటి కరెంటుతోనే. ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్ళు పలుకుతా, మిగతావాళ్ళది వింటా ఉంటారు. నాకు ఎడమ పక్క, చెవి వెనకాల ఒక చోటు అదుపు తప్పతా ఉంది. అది అరవడం మొదలుపెడితే పక్కవి కూడా దాంతో కలిసి అదే అరుస్తాయి. అదే ఫిట్స్.

మా ఆయనకి అర్థం కాలేదు. నాకు వెంటనే అర్థమైంది. మేము గుంపు గొంతులు రికార్డు చేసేటప్పుడు ఒకే మైకు చుట్టూ ఎనిమిదిమందిమి నిలబడతాం. సంతలో జనం మాటలు కావాలంటే ఎవరి ముక్క వాళ్ళు గొణగాలి. ఒకరు బేరం, ఒకరు తిట్టు, ఒకరు పిలుపు. ఎప్పుడన్నా పొరపాటున అందరి నోటా ఒకే మాట ఒకేసారి వచ్చిందంటే మూర్తిగారు ఆపేస్తారు. అప్పుడది జనం కాదు, భజన. నా తలకాయలో ఆ భజన మొదలవతా ఉందన్నమాట. అర్థం అయినందుకు ధైర్యం వచ్చిందా అంటే రాలేదు. స్టూడియోలో అయితే ఆపడానికి మూర్తిగారు ఉన్నారు.

మందులకి లొంగడం లేదు గాబట్టి, ఆ అదుపు తప్పిన చోటుని తీసేస్తే తగ్గొచ్చు అనింది డాక్టరమ్మ. కాకపోతే దాని పక్కనే మాటలుండే చోటు. ముందు తల లోపలికి సన్నటి తీగలు దించి, ఏది ఎక్కడుందో కనుక్కోవాలి. "మాట పోతుందా?" అని అడిగాను. "పోకుండా ఉండడానికే ఈ పరీక్ష" అనింది. ఆ రోజునుంచి నాకు వేరే భయం లేదు. చచ్చిపోతానేమో అని కాదు. నోరు తెరిస్తే ఏమీ రాదేమో అని.

నవంబరు వానల్లో చేర్చుకున్నారు. గుండు చేసి, చిన్న చిన్న బెజ్జాలు వేసి తీగలు దించారు. నొప్పి గురించి రాయను, ఎవరి నొప్పి వాళ్ళది. తల నిండా కట్టు, కట్టులోనుంచి జడలాగా తీగలు, ఎదురుగా కెమెరా. మాత్రలు తగ్గించారు, ఫిట్స్ రావాలి, వస్తే ఎక్కణ్ణుంచి మొదలవతా ఉందో ఆ తీగలు పట్టుకుంటాయి. వద్దు వద్దని ఐదు నెలలు మొక్కిన దాన్ని రమ్మని ఎదురుచూడాలి. మూడు రోజులు రాలేదు. కిటికీలో వాన, మంచం పక్కన దివ్య పుస్తకం, గుమ్మంలో మా ఆయన. దివ్య చేతిలో నర్సుని పిలిచే గంట బటన్, వాసన వస్తా ఉందని నేను అన్న వెంటనే నొక్కాలి. ఆ పిల్ల మూడు రోజులు ఆ బటన్ వదలకుండా అన్నం తినింది. నాలుగో రోజు రెండు వచ్చాయి. డాక్టరమ్మ "మంచిది, చాలా మంచిది" అనింది. ఫిట్స్ వస్తే మెచ్చుకునే చోటు అదొక్కటే అనుకుంటా.

తర్వాత మాటల పరీక్ష. బొమ్మల కార్డులు చూపిస్తారు, పేరు చెప్పాలి. చెప్పేటప్పుడు లోపలి తీగల్లో ఒక దాంట్లోకి కొంచెం కరెంటు పంపి ఆ చోటుని ఒక్క క్షణం నోరు మూయిస్తారు. మాట ఆగిందా, ఆ చోటు మాటకి కావాలి, ముట్టుకోకూడదు. మాట వచ్చిందా, తియ్యొచ్చు. కుర్చీ, పిల్లి, గొడుగు, చేప, అన్నీ అరవంలో చెప్పాను. రెండు చోట్ల ఆగింది, మిగతాదంతా గడగడా చెప్పేశాను. తియ్యాల్సిన చోటు అంతా ఖాళీగానే ఉందని డాక్టరమ్మ సంతోషపడింది. మర్నాడు మధ్యాహ్నం తీగలు తీసేస్తామనింది. మా ఆయన వెళ్ళి కింద కాంటీన్లో మొదటిసారి కడుపునిండా తిన్నాడు.

మర్నాడు పొద్దున తీగలు చూసుకోవడానికి రోజూ వచ్చే ఆయన రాలేదు, సెలవంట. బదులుగా ఒకామె వచ్చింది. నా వయసే ఉంటుంది, పేరు సుజాత. నా మంచం దగ్గరి కంప్యూటర్ తెర చూసుకుంటా ఇంటికి ఫోన్ చేసింది. "పప్పులో ఉప్పు వేశానో లేదో గుర్తు లేదు, ఒకసారి రుచి చూసి వెయ్యండి" అంటా ఉంది. గుంటూరు వైపు మాట. అన్ని రోజుల తర్వాత ఆ మాట చెవిన పడేటప్పటికి నాకు ప్రాణం లేచొచ్చింది.

"రుచి చూడమంటే మగవాళ్ళు సగం పప్పు తినేస్తారు" అన్నాను.

ఆమె ఫోన్ పెట్టేసి నవ్వింది. "మీకు తెలుగు వచ్చాండీ?"

"వచ్చా అంటావేందమ్మా, ఇంట్లో మాట్లాడేది అదే, కూడు పెట్టేది అదే. డబ్బింగ్ చెప్తాను నేను."

ఆమె నవ్వు ఆగిపోయింది. కంప్యూటర్లో ఏదో వెతికింది. "ఇందులో తమిళం అని ఉందండీ. ఇంట్లోనే ఉంటారని ఉంది. మాటల పరీక్ష తెలుగులో చేశారా?"

లేదన్నాను. ఆమె గబగబా బయటికి పోయింది. నాకు అప్పటికి అర్థం కాలేదు. కాసేపటికి డాక్టరమ్మే వచ్చింది, ముఖంలో నిన్నటి సంతోషం లేదు. "ఎందుకమ్మా చెప్పలేదు?" అని ఒక్క మాట అడిగింది. రెండు భాషలు వచ్చినవాళ్ళకి అవి చాలా మట్టుకు కలిసే ఉంటాయంట, కానీ కొంతమందికి కొన్ని చోట్లు ఒక్క భాషకే ఉంటాయంట. ఏమని చెప్పను? మా నాయన చెప్పమన్నాడని చెప్పనా? తల దించుకున్నాను, తీగలతో అది కూడా సరిగ్గా దిగలేదు.

తీగలు తియ్యడం ఆపారు. అవే కార్డులు, ఈసారి తెలుగులో. సుజాత కార్డు తిప్పుతా ఉంది, డాక్టరమ్మ కరెంటు నొక్కతా ఉంది. కుర్చీ. పిల్లి. చేప. అంతా బాగానే పోతా ఉంది. నేను కొంచెం ఊపిరి పీల్చుకున్నాను. అప్పుడు గొడుగు బొమ్మ వచ్చింది.

బొమ్మ తెలుసు. వానకి పట్టుకుంటారని తెలుసు. చెయ్యి ఎత్తి తల మీద పట్టుకున్నట్టు చూపించాను కూడా. నోరు తెరిచాను. ఏమీ లేదు. జూన్‌లో మైకు ముందు ఎట్ట అయిందో అట్టే, అత్త నోరు ఆడతా ఉంది, నా గొంతులో ఏమీ లేదు. డాక్టరమ్మ కరెంటు ఆపింది. "గొడుగు" అన్నాను. మళ్ళీ పంపింది, మళ్ళీ పోయింది. "అరవంలో చెప్పండి" అనింది కరెంటు ఉండగానే. "కుడై" అని వెంటనే వచ్చేసింది. అదే చోట ఇంకో ఆరు కార్డులు చూపించారు. అరవంలో అన్నీ వచ్చాయి. తెలుగులో నాలుగు రాలేదు. ఆ చోటు, తియ్యడానికి గీత గీసుకున్న దాని లోపల ఉంది.

సుజాత నా చెయ్యి పట్టుకుంది. నా చెయ్యి చల్లగా ఉందనింది. నేను పప్పు గురించి నోరు మూసుకుని ఉంటే మధ్యాహ్నం తీగలు తీసేసి, ఇంకో నెలకి నా తెలుగుని కోసి పక్కన పెట్టేవాళ్ళు. ఆ తలపు ఇప్పటికీ వస్తుంది, బియ్యం కడగతా ఉన్నప్పుడు, బస్సులో కూర్చున్నప్పుడు.

డిసెంబరులో డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి రెండు దారులు చెప్పింది. మొత్తం తీసేస్తే ఫిట్స్ పూర్తిగా పోయే ఆశ ఎక్కువ, తెలుగు దెబ్బతినే భయం కూడా ఎక్కువ. ఆ చోటు వదిలిపెట్టి చుట్టుపక్కల మాత్రమే తీస్తే మాట నిలబడొచ్చు, కానీ ఫిట్స్ కొంచెం మిగలొచ్చు, మాత్రలు తప్పవు. ఏ దారికీ పూచీ లేదు.

ఇంటికొచ్చినాక మా ఆయన టేపుని వేలికి చుట్టతా విప్పతా చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత అన్నాడు, "మొత్తం తియ్యించుకుందాం వసంతా. తెలుగు పోతే పోనీ. అరవం ఉంది గదా. బజారుకీ ఆసుపత్రికీ అన్నింటికీ అదే. నువ్వు ఉంటే చాలు నాకు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "పోతే పోనీనా? నీ చేతులు తీసేసి, కాళ్ళున్నాయి గదా అంటే ఊరుకుంటావా? నా పని ఏంది? మా అమ్మతో నేను మాట్లాడింది ఏంది? కలలో నేను ఎవరితో మాట్లాడినా ఏ మాటలో మాట్లాడతానో నీకు తెలుసా?" ఇంకా చాలా అన్నాను, అవన్నీ రాయను. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రోడ్డు మీద పడి ఏ బస్సు కిందనో పోతానని ఆ మనిషి భయం. అది తప్పు కాదు. అందుకే నాకు ఇంకా ఏడుపొచ్చింది.

దివ్య గోడకానుకుని వింటా ఉంది. దాని అరవంలోనే అనింది, "నాన్నా, అమ్మ తిట్టేది తెలుగులో. అరవంలో తిడితే పక్కింటామె తిట్టినట్టుంటుంది. నాకు అమ్మ కావాలి." ఆ చోటు వదిలేయమని డాక్టరమ్మకి చెప్పాం.

ఆపరేషన్ ఫిబ్రవరిలో. లోపలికి పిలిచే ముందు వెయిటింగ్ హాల్లో రెండు గంటలు కూర్చోబెట్టారు. పక్క కుర్చీలో నాయుడుపేటనుంచి కొడుకుని చూపించడానికి వచ్చిన ఒకామె, ఫోన్లో సీరియల్ చూస్తా ఉంది. ఉన్నట్టుండి నా గొంతు వినిపించింది. రెండేళ్ళ కిందట నేను చెప్పిన అత్త. "ఈ ఇంట్లో నా మాటకి ఎదురు చెప్పేవాళ్ళు పుట్టలేదు" అంటా ఉంది ఫోన్లోనుంచి. ఆమె నా వైపు తిరిగి, "ఈ ముండ గొంతు వింటే చెంపలు వాయించాలనిపిస్తాదమ్మా" అనింది. ఎవరూ నా పనిని అంత బాగా మెచ్చుకోలేదు. అది నేనేనని చెప్పలేదు. సాయంత్రానికి నా గొంతు ఆ ఫోన్లో తప్ప ఇంకెక్కడా ఉండదేమో అని ఒక్కటే ఆలోచన. ఆమె నా గుండు చూసి, చేతిసంచిలోనుంచి నిమ్మకాయ తీసి నా చేతిలో పెట్టి, "వాసన చూస్తా ఉండు, భయం తగ్గతాది" అనింది. లోపలికి పోయేటప్పుడు నర్సు ఆ నిమ్మకాయ దివ్యకి ఇచ్చేసింది.

తెలివొచ్చేటప్పటికి పొద్దున. నర్సు అరవంలో పేరడిగింది, చెప్పాను. వేళ్ళు ఎన్ని అనింది, చెప్పాను. అంతా ఉంది. తెలుగు ఉందో లేదో మాత్రం చూసుకోలేదు. భయం. పెట్టె తెరిస్తేనే గదా ఖాళీ అని తెలిసేది. మా ఆయన వచ్చాడు, ఆయన కూడా నాతో అరవంలోనే మాట్లాడాడు. పెళ్ళయి ఇరవై రెండేళ్ళలో ఆయన నాతో అరవంలో మాట్లాడటం అదే మొదటిసారి. "నీళ్ళు కావాలా", "నొప్పిగా ఉందా" అన్నీ అరవంలో. ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకోకుండా మధ్యాహ్నం దాకా అట్టే గడిపాం. డాక్టరమ్మ వచ్చి, తొందరేం లేదు, రేపు చూద్దామనింది.

అప్పుడు దివ్య లోపలికొచ్చింది. నోటుబుక్కు కాగితం మీద స్కెచ్ పెన్నుతో గొడుగు బొమ్మ వేసుకొచ్చింది. వంకర గొడుగు. నా ముందు పట్టుకుని, చిన్నప్పటినుంచి నాకు ఒక్క జవాబు తెలుగులో ఇవ్వని పిల్ల, ఒక్కో మాట కూడబలుక్కుంటా అడిగింది: "అమ్మా, ఇది ఏందీ సెప్పుమా."

"సెప్పుమా కాదే, చెప్పమ్మా" అన్నాను. "ఏందే ఆ యాస? అరవం వినిపిస్తా ఉంది."

అన్నాక అర్థమైంది నేనేం అన్నానో. మా ఆయన కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు, భుజాలు కదలతా ఉన్నాయి. దివ్య కాగితం మొహానికి అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం ఏడవలేదు, ఏడిస్తే కుట్లు లాగతాయని భయం.

ఇక్కడితో కథ సుఖాంతం అని రాయను. ఈ ఆరు నెలల్లో రెండుసార్లు మాడిన వాసన వచ్చింది. చిన్నవే, నిలబడే దాటిపోయాయి, కానీ వచ్చాయి. మాత్రలు ఉన్నాయి. నన్ను ఒంటరిగా ఎక్కడికీ పంపరు. మాటలు కొన్ని ఆలస్యంగా వస్తాయి. ఆ రోజు రాని నాలుగు కార్డులూ బాగానే ఉన్నాయి, గొడుగు మాత్రం ఒక్కోసారి రాదు. అరవం మాట వచ్చి దాని చోట కూర్చుంటుంది. మీలో ఎవరికన్నా ఇట్టాంటిది వస్తే దాచకండి. కౌంటరు దగ్గర మీరు ఇంట్లో దేంట్లో ఏడుస్తారో, దేంట్లో తిడతారో అది చెప్పండి. సవాలక్ష ప్రశ్నలు అడిగితే అడగనీండి.

పోయిన వారం మూర్తిగారు పిలిచారు. ఆయనకి అంతా చెప్పాను, తప్పదని. "అద్దం ఇవతల నీ కూతురు కూర్చుంటే సరిపోతుందిగా, రా" అన్నారు. దివ్య ఆయన పక్కన కూర్చుంది. మైకు ముందు నిలబడి హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. చిన్న వేషం, పల్లెటూరి అమ్మ. మొదటి రెండు డైలాగులు బాగానే పోయాయి. మూడోది చదివేటప్పుడు కాగితం మీదే ఉంది ఆ మాట: "వాన వచ్చేలా ఉంది నాయనా, గొడుగు తీసుకెళ్ళు." కనిపిస్తానే ఉంది, అక్షరాలన్నీ తెలుస్తానే ఉన్నాయి. "వాన వచ్చేలా ఉంది నాయనా" అన్నాను. ఆగిపోయాను. తెర మీద ఆమె నోరు ఆడి మూసుకుంది. వాసన వస్తుందేమోనని చూశాను, వాసన లేదు. మాట లేదు, అంతే.

హెడ్‌ఫోన్లో చిన్నగా, అద్దం అవతలనుంచి నాతో మాట్లాడే బటన్ నొక్కిన చప్పుడయింది. మూర్తిగారు ఇంకొక్కటి అంటారనుకున్నాను.

"గొడుగు, అమ్మా" అనింది దివ్య.

సరిగ్గానే పలికింది. నేను తప్పు పట్టడానికి ఏమీ లేదు. "మళ్ళీ మొదటినుంచి పెట్టండి మూర్తిగారూ" అన్నాను.